చిప్ మార్చాక బుస్సుమంటున్న సీడీ ప్లేయర్

మీ సీడీ ప్లేయర్‌లో ఎన్ఈ5532 అనే ఆప్-ఆంప్ (శబ్ద సంకేతాన్ని పెంచే చిప్) తీసి, అదే రకమైన ఎల్ఎం4562 పెట్టాక బుస్సుమనే శబ్దం వస్తోందని, చిప్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతోందని రాశారు కదండీ. ముందు ప్లేయర్ ఆపేసి, చిప్ మీది గాడి బోర్డు గుర్తుకు సరిపోయిందో లేదో చూడండి. తిరగేసి పెట్టి ఉంటే ఆ చిప్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

సరిగ్గానే ఉంటే నా అనుమానం ఆసిలేషన్ మీద, అంటే చిప్ అదుపు తప్పి తనంతట తానే సంకేతాలు పుట్టించడం. పాతదాని గెయిన్ బ్యాండ్‌విడ్త్ (చిప్ ఎంత వేగమైందో చెప్పే కొలత) సుమారు 10 మెగాహెర్ట్జ్, కొత్తదానిది 55. అంత వేగమైన చిప్ సాకెట్‌లో, పొడుగు వైర్ల మీద కుదురుగా ఉండదు. చిప్‌కు కరెంటు అందే పిన్ 4, 8 మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, దాని కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి. నేనూ ఒకసారి కాళ్లు కత్తిరించడానికి బద్ధకించి రెండు రోజులు తల పట్టుకున్నాను! అప్పటికీ వేడి తగ్గకపోతే పాత చిప్ పెట్టి చూడండి. దానితో మామూలుగా పాడితే బోర్డు బాగున్నట్టే.