బుకర్ నవలల మీద మన మాట మనం చెప్పుకోవాలంటే

ఒంగోలులో మీరు కొందరు స్నేహితులు కలిసి, ఇంగ్లీషు నవలకు ఏటా ఇచ్చే బుకర్ బహుమతి తుది జాబితా నవలలు చదవాలనుకుంటున్నారనీ, విమర్శకులు కాని వాళ్లు వాటిని చర్చించుకుంటే ప్రయోజనం ఉంటుందా అనీ అడిగారు. నెల్లూరులో మాకు అలాంటి చిన్న బృందం ఉంది కాబట్టి చెబుతున్నాను.

ప్రయోజనం ఉంది, ఒక్క షరతు మీద. మాట్లాడవలసింది బహుమతి ప్రకటించకముందే మాట్లాడేయండి. ప్రకటించాక ఎవరి నోటా సొంత మాట రాదు. గెలిచిన పుస్తకం నచ్చనివాళ్లు తమకే అర్థం కాలేదేమోనని సర్దుకుంటారు. సగం చదివి వదిలేసినవాళ్లు "నేను ముందే అనుకున్నాను" అంటారు. అందుకే మేం ఎవరి ఓటు వాళ్లచేత కాగితం మీద రాయించి, సంతకం కూడా పెట్టించి దాచిపెడతాం. సంతకం ఎందుకని నవ్వకండి, అనుభవం మీద పెట్టిన నియమం అది.

2025లో తుది జాబితా సెప్టెంబరు 23న వచ్చింది, ఫలితం నవంబరు 10న. ఆ వ్యవధిలో ఉద్యోగాలూ పిల్లల చదువులూ ఉన్నవాళ్లు 6 నవలలూ పూర్తి చేయడం అయ్యే పని కాదు. కిరణ్ దేశాయ్ నవల ఒక్కటే దాదాపు 700 పేజీలు. కాబట్టి పంచుకున్నాం. అయితే ప్రతి పుస్తకాన్నీ కనీసం ఇద్దరు చదవాలి. ఒక్కరే చదివితే ఆయన చెప్పిందే తీర్పు అయిపోతుంది, మిగతావాళ్లు తలలూపి టీ తాగి వెళ్లిపోతారు.

మా దగ్గర అన్నిటికంటే పెద్ద వాదం డేవిడ్ సలాయ్ రాసిన ‘ఫ్లెష్’ మీద జరిగింది. హంగరీలో తల్లితో పెరిగిన ఇష్త్వాన్ అనే కుర్రవాడి కథ అది. సైన్యంలో చేరి ఇరాక్ వెళతాడు. తర్వాత లండన్‌లో శ్రీమంతుల ఇంట డ్రైవరవుతాడు, చివరికి ఆ సంపదలోకే అడుగుపెడతాడు. జీవితం అంతగా తలకిందులవుతున్నా అతను నోరు విప్పి చెప్పేది మాత్రం ఔను, సరే, తెలియదు, ఇంతే. మా బృందంలోని రిటైరైన ఇంగ్లీషు లెక్చరరుగారు విసుగెత్తి పుస్తకం పక్కన పెట్టేశారు. మనసులో ఏముందో చెప్పని మనిషి వెంట ఇంత దూరం నడవలేనన్నారు.

ఆత్మకూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అక్క ఉన్నారు. ఇంగ్లీషు నవలలు చదవరు. మేం అధ్యాయాలు తెలుగులో చెబుతుంటే వింటారు. ఆవిడ భర్త చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేశారు. ఆ రోజు ఆవిడ అన్నారు: "మీకు అతను మాట్లాడకపోవడం లోటుగా ఉంది మాస్టారూ. మా ఆయన శుక్రవారం శుక్రవారం ఫోను చేసేవారు. తిన్నారా అంటే తిన్నాను, ఎలా ఉన్నారంటే బాగున్నాను. అక్కడ ఏం పడ్డారో తిరిగి వచ్చాక కూడా చెప్పలేదు. కొన్నాళ్లకు నేనే అడగడం మానేశాను."

మాస్టారు ఆ పుస్తకాన్ని మళ్లీ ఇంటికి తీసుకువెళ్లారు. పూర్తి చేశారు. నచ్చిందని మాత్రం ఈ రోజుకీ అనరు.

బహుమతి ఆ నవలకే వచ్చింది. అక్క గెలిచారని కొందరు సంబరపడ్డారు. నాకు అందులో అర్థం కనిపించలేదు. న్యాయనిర్ణేతలు వేరొక నవలను ఎంచుకున్నా ఆవిడ చెప్పినది తప్పయ్యేది కాదు కదా. నా ఓటు ఆండ్రూ మిల్లర్ ‘ది ల్యాండ్ ఇన్ వింటర్’కు. 1962-63 చలికాలం, ఇంగ్లండులో మంచు దారులు మూసేసిన పల్లె, ఇరుగుపొరుగున ఇద్దరు గర్భిణులు, ఒకరు డాక్టరు భార్య, ఒకరు రైతు భార్య. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టి వీధిలోకి వెళ్లలేని రోజుల్లో చదివాను. అందులో మంచు వర్ణన కోసం కథ ఆగదు, మంచు వల్లే మనుషులు తమ సంసారాల ముఖం చూడవలసి వస్తుంది. ఫలితం వచ్చినా నా ఓటు మార్చుకోలేదు.

ఇక అభిప్రాయం ఎలా చెప్పాలంటే, బాగుంది, బాగాలేదు అన్న మాటలతో ఆపనివ్వకండి. ఏ పేజీ దగ్గర ఆగారో, ఎందుకు ఆగారో అడగండి. కిరణ్ దేశాయ్ నవలలో అలహాబాదు పెద్దలు మనవరాలికి సంబంధం చూసే సందడి దగ్గర ఒకాయన వదిలేశారు. "ఇది మన ఇళ్లలో రోజూ ఉన్నదే, దీనికి ఇంగ్లీషు ఎందుకు" అని ఆయన వాదన. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్న ఒకావిడ అదే పుస్తకాన్ని కింద పెట్టలేకపోయారు. అమెరికాలోని వెర్మాంట్ మంచులో ఒంటరితనంతో ఏడ్చే ఆ మనవరాలు సోనియా ఆవిడకు పరాయి పిల్లగా అనిపించలేదు. పూర్తిగా చదవనివాళ్లకు మాట్లాడే హక్కు లేదనే నియమం మాత్రం పెట్టకండి. వదిలేసినవాళ్ల దగ్గరే ఎక్కువసార్లు పనికొచ్చే మాట దొరుకుతుంది.

తెలుగులో ఇలా చేయడం కష్టం. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం విజేత పేరు బయటికొచ్చాకే మన మాటలు మొదలవుతాయి. పైగా అది నవలలకే కాదు. 2022లో మధురాంతకం నరేంద్ర నవల ‘మనోధర్మపరాగం’కు వస్తే, 2023లో పతంజలి శాస్త్రి కథలకు, 2024లో పెనుగొండ లక్ష్మీనారాయణ విమర్శ గ్రంథానికి వచ్చింది. విమర్శ గ్రంథాన్ని నవల పక్కన పెట్టి ఏమని వాదించుకుంటాం? అందుకని జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్లినవాళ్లు తెచ్చిన కొత్త నవలలతో మా జాబితా మేమే వేసుకుంటాం. బహుమతి ఏమీ లేదు, వాదం మాత్రం బుకర్‌కు తీసిపోదు.

మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకు ఇచ్చే అంతర్జాతీయ బుకర్ పుస్తకాలతో ఆరంభిస్తే నయం. 2025లో దాన్ని గెలిచిన బాను ముష్తాక్ పుస్తకం కన్నడ కథల సంపుటి, ఇంగ్లీషులోకి తెచ్చినవారు దీపా భాస్తి. తలా రెండు కథలు చదివి వచ్చినా ఒక సాయంత్రం గడిచిపోతుంది. ఒంగోలులో కన్నడ చదవగలిగినవాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే వాళ్లనూ పిలవండి.