టెక్ సందేహాలు: 12.6 చూపిస్తే ప్యాక్ నిండినట్టేనా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర బారువ. తుపాను వస్తే రోజుల తరబడి కరెంటు ఉండదు కాబట్టి పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన 18650 రకం (గొట్టం ఆకారపు లిథియం) సెల్స్‌తో ఒక ప్యాక్ తయారు చేసుకున్నాను. ఐదేసి సెల్స్‌ను ప్యారలల్‌గా కలిపి, అలాంటి మూడు గ్రూపులను సిరీస్‌లో పెట్టాను. 12.6 వోల్టుల ఛార్జర్ వాడుతున్నాను. బీఎంఎస్ (ఒక్కో గ్రూపు వోల్టేజీని చూస్తూ ప్యాక్‌ను కాపాడే బోర్డు) లేదు. కొత్తలో వైఫై రూటర్, రెండు ఎల్ఈడీ బల్బులు రాత్రంతా నడిచేవి. ఇప్పుడు అర్ధరాత్రికే ఆరిపోతున్నాయి. ఛార్జింగ్ అయ్యాక మీటరు మాత్రం 12.6 చూపిస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు ఎలా చీకట్లో మగ్గాయో తెలిసినవారికి మీ ప్రయత్నం వింతగా అనిపించదు. చిక్కు మీరు మీటరు పెట్టిన చోట ఉంది. 12.6 అనేది మూడు గ్రూపుల కూడిక. మీటరు ముళ్లను విడివిడిగా ఒక్కో గ్రూపు మీద పెట్టి చూడండి. 4.30, 4.22, 4.08 లాంటి అంకెలు కనిపిస్తాయని నా అనుమానం. కూడితే సరిగ్గా 12.6. తరగతి సగటు బాగుందని, తప్పిన పిల్లవాడిని దాచేసే ప్రోగ్రెస్ రిపోర్టు లాంటిదే ఈ అంకె. మీ ఛార్జర్ చూసేది కూడా దాన్నే.

సామర్థ్యం తగ్గిన గ్రూపు అన్నిటికంటే ముందు నిండుతుంది, ముందే ఖాళీ అవుతుంది. ఈ సెల్స్‌ను 4.20 వోల్టులు దాటనివ్వకూడదు. మిగతా రెండూ నిండే లోపు ఆ బలహీన గ్రూపు 4.30కి ఎక్కి కూర్చుంటుంది. రాత్రి వాడకంలో కథ తిరగబడుతుంది. అదే గ్రూపు 2.3కి జారిపోయినా మిగిలినవి 3.4, 3.5 దగ్గర ఉంటే మొత్తం 9.2 వస్తుంది. పరికరాలకు అందులో ఏ తేడా కనిపించదు. పైనా కిందా రెండు చోట్లా దెబ్బ తినేది ఆ ఒక్క గ్రూపే. అందుకే ప్రతి ఛార్జింగ్‌తో తేడా పెరుగుతూ పోతుంది.

బ్యాలన్స్ చేస్తే సరిపోతుందా అని అడుగుతారు. పాత సెల్స్ విషయంలో సరిపోదనే నా మాట. బ్యాలన్సింగ్ గ్రూపుల మధ్య హెచ్చుతగ్గులను సరిచేస్తుంది, పోయిన సామర్థ్యాన్ని తెచ్చిపెట్టదు. కాబట్టి ప్యాక్ విప్పి సెల్స్ ఏరుకోవడం తప్పదు. పాత బ్యాటరీ విప్పినప్పుడు 2 వోల్టుల కంటే కింద కనిపించిన సెల్‌ను ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టాలి. అంత కిందికి దిగి చాలాకాలం ఉంటే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని, లోపల్లోపలే షార్ట్ కావచ్చు. మిగిలిన వాటిని 4.20 వరకు నింపి రెండు మూడు వారాలు ముట్టుకోకుండా ఉంచండి. 4.10 కంటే కిందికి జారినవి, ఛార్జింగ్‌లో చేతికి వేడి తగిలినవి వద్దు. మిగతావాటి సామర్థ్యాన్ని టెస్టర్ ఛార్జర్‌తో కొలిచి, మూడు గ్రూపుల మొత్తం దాదాపు సమానంగా వచ్చేలా పంచండి. మంచివన్నీ ఒకే గ్రూపులో పెట్టే ఉత్సాహం చాలామందికి ఉంటుంది. దానివల్ల ప్రయోజనం సున్నా, ఎందుకంటే ప్యాక్ బలం అన్నిటికంటే బలహీనమైన గ్రూపుదే. ప్యారలల్‌గా కలిపే ముందు సెల్స్ మధ్య తేడా వోల్టులో కొన్ని వందో వంతులకు మించకుండా చూసుకోండి. 4.1 సెల్‌ను 3.5 సెల్‌కు తగిలిస్తే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కరెంటు ఒక్కసారిగా దూకుతుంది.

ఆ తర్వాత బీఎంఎస్. బజారులో చౌకగా దొరికే మూడు సిరీస్ బోర్డుల్లో చాలావాటికి బ్యాలన్సింగే ఉండదు. అతి ఛార్జింగును, అతి వాడకాన్ని ఆపడంతోనే వాటి పని అయిపోతుంది. బోర్డు మీద ప్రతి గ్రూపుకీ ఒక రెసిస్టర్ ఉందేమో చూడండి. దానిమీద 101 అని రాసి ఉంటే 100 ఓములు. అంటే 4.2 వోల్టుల దగ్గర 42 మిల్లీఆంపియర్లు మాత్రమే వేడి రూపంలో వదిలిస్తుంది. మీ గ్రూపు 10 ఆంపియర్ అవర్లు అనుకుంటే, 5 శాతం తేడా అంటే 500 మిల్లీఆంపియర్ అవర్లు. దాన్ని 42తో కరిగించడానికి దాదాపు 12 గంటలు కావాలి. అదీ గ్రూపు 4.2 దగ్గర ఉన్నప్పుడే. గంటసేపు ఛార్జ్ పెట్టి బ్యాలన్స్ కాలేదని బోర్డును తిట్టుకుంటే అది మాత్రం ఏం చేస్తుంది? మొదటిసారి గ్రూపులన్నిటినీ విడివిడిగా 4.20కి తెచ్చి, ఆ తర్వాతే సిరీస్‌లో కలపండి. అప్పుడు బోర్డుకు చిల్లర సర్దుబాట్లే మిగులుతాయి.

మీది సముద్రం పక్కన ఊరు కాబట్టి ఒక మాట. నికెల్ స్ట్రిప్ పేరుతో అమ్మేవాటిలో నికెల్ పూత పూసిన ఇనుప రేకులు ఎక్కువ. ఉప్పుగాలికి వెల్డింగ్ చుక్కల దగ్గర తుప్పు పడతాయి. అయస్కాంతంతో తేడా తెలియదు, రెండూ అంటుకుంటాయి. చిన్న ముక్కను గీకి ఉప్పునీళ్లలో ఒకటి రెండు రోజులు ఉంచండి. ఇనుమైతే గీత వెంట ఎర్రబడుతుంది. ఇంకొకటి: సెల్ ఒళ్లంతా మైనసే. ప్లస్ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా మైనసే. అక్కడ ఉన్నది పలుచటి ప్లాస్టిక్ తొడుగు మాత్రమే కాబట్టి, రేకు అతికించే ముందు ప్లస్ వైపు కాగితపు ఇన్సులేటర్ రింగు తప్పక పెట్టండి.

ప్రశ్న: ఆమదాలవలసలో ఉంటాను, డిప్లొమా చదువుతున్నాను. మూడు సెల్స్ సిరీస్ ప్యాక్‌కు ఒక్కో సెల్‌కూ ఒక టీపీ4056 (ఒకే సెల్‌ను నింపే) ఛార్జింగ్ బోర్డు పెట్టి, మూడింటినీ ఒకే ఐదు వోల్టుల అడాప్టర్‌కు కలిపాను. పెట్టగానే పొగ వచ్చింది. ఎందుకు?

జవాబు: మీ ఆలోచన సరైనదే, కలిపిన తీరు షార్ట్. ఆ బోర్డులో అడాప్టర్ మైనస్, బ్యాటరీ మైనస్ ఒకటే. సిరీస్‌లో ఉన్న సెల్స్ మైనస్‌లు వేర్వేరు వోల్టేజీ ఎత్తుల్లో ఉంటాయి. ఒకే అడాప్టర్‌కు కలపడంతో వాటన్నిటినీ తీగతో కట్టేసినట్టయింది, కింది రెండు సెల్స్ తమ ప్లస్ మైనస్‌ల మధ్య నేరుగా షార్ట్ అయ్యాయి. మూడు బోర్డులకు మూడు విడి ఫోన్ ఛార్జర్లు వాడండి. లేదా ఒకే బోర్డుతో ఒకదాని తర్వాత ఒకటి నింపండి. ఇక ఆ రెండు సెల్స్‌ను తిరిగి వాడొద్దు. ప్లస్, మైనస్ కొసలకు టేపు చుట్టి పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి, మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకండి.

ప్రశ్న: విజయనగరంలో మా దుకాణంలో ట్యూబులర్ బ్యాటరీ పోయింది. దాని బదులు 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు, 100 ఆంపియర్ అవర్లవి, కొన్నాను. పాత ఇన్వర్టర్‌కే తగిలించవచ్చా? నాలుగు సెల్స్ 3.30 దగ్గర సమానంగా ఉన్నాయి, బ్యాలన్స్ అవసరం లేదు కదా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది అక్కడే. ఈ రకం సెల్ ఛార్జింగ్ పరిధిలో చాలా భాగం 3.2, 3.3 వోల్టుల మధ్యే కదలకుండా ఉంటుంది. ఒకటి 40 శాతం, ఇంకొకటి 70 శాతం నిండి ఉన్నా మీటరులో ఇంచుమించు అవే అంకెలు కనిపిస్తాయి. అసలు తేడా బయటపడేది 3.45 దాటాకే. కాబట్టి బీఎంఎస్‌తో సిరీస్‌లో ఛార్జ్ చేసి, ఏదో ఒక సెల్ పైకి ఎగబాకి బోర్డు ఆపేసేవరకు చూడండి. తర్వాత నాలుగింటినీ విడదీసి ప్యారలల్‌గా కలిపి, బెంచ్ పవర్ సప్లైని ముందే 3.65 వోల్టులకు సెట్ చేసి, కరెంటు దాదాపు సున్నాకు వచ్చేదాకా ఉంచండి. మొదటి మెట్టు వదిలేసి నేరుగా ప్యారలల్‌లో పెడితే, సగం నిండిన మీ సెల్స్‌కు 10 ఆంపియర్ల సప్లైతో 20 గంటలు పడుతుంది. స్పానర్ పిడికి టేపు చుట్టండి. అది రెండు టెర్మినళ్ల మీద పడితే ఎగిరే నిప్పురవ్వలు సరదాగా ఉండవు.

ఇన్వర్టర్ విషయానికొస్తే, ఛార్జింగ్ 14.4 దగ్గర ఆగేదైతే సెల్‌కు 3.60 అవుతుంది, ఇబ్బంది లేదు. నిండాక బ్యాటరీ మీద నిలిపి ఉంచే ఫ్లోట్ వోల్టేజీ 13.6 నుంచి 13.8 ఉన్నా పర్వాలేదు. కొన్ని ఇన్వర్టర్లు లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం అప్పుడప్పుడు 15 వోల్టులు దాటిస్తాయి. ఆ పద్ధతిని ఆపే వీలు లేకపోతే వేరే ఇన్వర్టర్ చూసుకోండి. బీఎంఎస్ ఉంది కదా అని రోజూ దానిమీద భారం వేయకూడదు. అది చివరి కాపలా, ఛార్జర్ కాదు.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి. నా ఎలక్ట్రిక్ సైకిల్ ప్యాక్ 13 సిరీస్. సెల్స్ ఎక్కువకాలం మన్నుతాయని 90 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపేస్తున్నాను. మంచిదేనా?

జవాబు: మంచిదే. అయితే మీ బీఎంఎస్‌లో బ్యాలన్సింగ్ 4.2 దగ్గరే మొదలవుతుంటే, రోజూ ముందే ఆపేయడం వల్ల దానికి పని చేసే అవకాశమే రాదు. నెలకోసారి 54.6 వోల్టుల వరకు నింపి, ఛార్జర్‌లో పచ్చలైటు వచ్చాక కూడా కొన్ని గంటలు అలాగే ఉంచండి. ఆ పని మీరు మేలుకుని ఉన్న వేళ, మంచం కింద కాకుండా గట్టు మీద పెట్టి చేయండి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జ్ పెట్టకండి. ప్యాక్ చేతికి చల్లగా తగిలేవరకు ఆగండి, 45 డిగ్రీలు దాటిన సెల్‌ను ఛార్జ్ చేయకూడదు.