చూడకుండా లేఅవుట్ ఎలా చేస్తారండీ?

ప్రశ్న: నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టుకుని వెబ్ పేజీలు చేసే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకున్నా, కోడ్ రాయడం వరకు ఇబ్బంది లేదు. లేఅవుట్, అంటే పేజీలో ఏది ఎక్కడుండాలో అమర్చడం, అనేసరికే చేతులు ఆగిపోతున్నాయి. ఏది ఎక్కడ పడిందో, ఏది దేని మీదకి ఎక్కిందో నాకెలా తెలుస్తుంది? ఫ్రెండ్స్ అందరూ "నీకెందుకీ తలనొప్పి, బ్యాకెండ్‌కి (తెర వెనక సర్వర్ వైపు పనికి) వెళ్లిపో" అంటున్నారు. వెళ్లిపోవాలా?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: బ్యాకెండ్ నచ్చితే వెళ్లండి, వాళ్లన్నారని మాత్రం వెళ్లకండి. నాకూ చూపు లేదు, ఇదే సలహా నేనూ బోలెడుసార్లు విన్నా, ఇచ్చినవాళ్లలో సగం మందికి బ్యాకెండ్ అంటే ఏంటో కూడా తెలీదు, అది వేరే సంగతి.

ముందు సీఎస్‌ఎస్ గ్రిడ్ పట్టుకోండి, పేజీని అడ్డం నిలువు గళ్లుగా విడగొట్టి అమర్చే పద్ధతి అది. 2017లో బ్రౌజర్లలోకి వచ్చింది, అది మన కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకైతే. అందులో గ్రిడ్ టెంప్లేట్ ఏరియాస్ అని ఒకటుంది, పేజీ బొమ్మని మాటల్లోనే రాసేయొచ్చు. మొదటి వరుసలో "హెడర్ హెడర్", రెండో వరుసలో "మెనూ మెయిన్", మూడోదాంట్లో "ఫుటర్ ఫుటర్" అని రాస్తే హెడర్ రెండు గళ్లూ ఆక్రమించి పైన కూర్చుంటుంది, దాని కింద ఎడమవైపు మెనూ, కుడివైపు మెయిన్. స్క్రీన్ రీడర్ ఆ మూడు లైన్లు చదివిందంటే పేజీ మొత్తం విన్నట్టే, ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

రాసింది రాసినట్టే పడిందా అన్నది కొలిచి చూసుకోవాలి, ఊహించుకోవద్దు. బ్రౌజర్‌లో కన్సోల్ (కోడ్ టైప్ చేసి జవాబు తెలుసుకునే చోటు) తెరిచి గెట్ బౌండింగ్ క్లయింట్ రెక్ట్ అడిగితే ఏ ఎలిమెంట్ ఎక్కడుందో, ఎంత వెడల్పో, ఎంత ఎత్తో అంకెల్లో చెప్పేస్తుంది. ఒకసారి నేను మూడు కార్డులు పక్కపక్కన పెట్టాననుకుని సంబరపడిపోయా, వినడానికి ఒకటి రెండు మూడు అని వరసగానే వినిపించాయి మరి. కొలిచి చూస్తే మొదటి రెండిటికీ వై విలువ (పైనుంచి ఎంత కిందుందో చెప్పే అంకె) ఒకటే, మూడోదానిది వేరే, అంటే అది కింద లైన్‌లోకి జారిపోయిందన్నమాట! 960 పిక్సెల్స్ వెడల్పులో ఒక్కో కార్డుకి మూడో వంతు, అంటే 320 ఇచ్చేశా, మధ్యలో 16 చొప్పున రెండు గ్యాప్‌లు ఉన్నాయని మర్చిపోయా, మొత్తం 992 అయింది, ఇక పట్టేదెక్కడ. గ్రిడ్‌లో 1 ఎఫ్‌ఆర్ (మిగిలిన జాగాలో ఒక వాటా) చొప్పున మూడు ఇస్తే గ్యాప్ తీసేసి మిగిలింది అదే పంచుకుంటుంది, ఈ గొడవే ఉండదు. అలాగే విండోని 320 పిక్సెల్స్‌కి కుదించి స్క్రోల్ విడ్త్ (లోపలున్నదాని మొత్తం వెడల్పు), క్లయింట్ విడ్త్ (కనిపించే వెడల్పు) పోల్చండి, మొదటిది ఎక్కువొస్తే ఏదో పక్కకి పొడుచుకొచ్చినట్టే.

రంగుల గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు, నాకు తెలుసు. కాంట్రాస్ట్ (అక్షరాలకీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య వెలుగు తేడా) అంటే ఉట్టి లెక్క. తెలుపు మీద నలుపు 21:1, డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు) ఏఏ లెవెల్‌లో మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 కావాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద 767676 అనే రంగు కోడ్ ఉన్న బూడిదరంగు పాసు, 777777 ఫెయిలు. కళ్లున్నవాళ్లు కూడా ఆ తేడా కనిపెట్టలేరు, మనం లెక్కేసి చెప్పేస్తాం.

ఒక్కచోట మాత్రం మనమే ఈజీగా దెబ్బతింటాం. ఫ్లెక్స్‌లో (వస్తువుల్ని వరసగా పేర్చే ఇంకో సీఎస్‌ఎస్ పద్ధతి) ఆర్డర్ ప్రాపర్టీ వాడితే స్క్రీన్ మీద వస్తువులు అటూఇటూ మారిపోతాయి, స్క్రీన్ రీడర్ మాత్రం మామూలుగా కోడ్‌లో ఉన్న వరసలోనే చదువుతుంది, కాబట్టి మనకి అంతా చక్కగానే వినిపిస్తుంది, చూసేవాళ్లకి మాత్రం తారుమారు. నేనైతే ఆ ప్రాపర్టీ జోలికే పోను.

ఇవన్నీ అయ్యాక చూపున్న మనిషికి ఒకసారి చూపించాల్సిందే, ఖాళీ జాగా ఎక్కువైందా, పేజీ ఒకవైపు బరువుగా ఉందా అనేవి అంకెలకి దొరకవు. అయితే "బాగుందా?" అని అడక్కండి, మొహమాటానికి బాగుందనేస్తారు. "ముందు దేని మీద చూపు పడింది? ఏ రెండు అతుక్కుపోయినట్టున్నాయి? బటన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చిందా?" అని అడగండి. మొదటిదానికి జవాబు మీరు అనుకున్న హెడ్డింగ్ కాకుండా పక్కనున్న బ్యానర్ అయిందనుకోండి, ఏ సైజు తగ్గించాలో మీకే తెలిసిపోతుంది.