కాన్పు గదికి తోడుగా వెళ్లబోతున్న స్వాతికి

చిరంజీవి స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి డౌలా పనిలోకి, అంటే కాన్పులో పక్కనే ఉండి ధైర్యం చెప్పే తోడు పనిలోకి, దిగుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత మురిసిపోయానో అంత భయమూ వేసింది. నొప్పులు పడే మనిషిని మొదటినుంచి చివరిదాకా ఒకరు కనిపెట్టుకుని ఉంటే ఆపరేషన్లు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి అరవై సిజేరియన్లే. నీ అవసరం చాలా ఉంది తల్లీ.

శిక్షణ తీసుకో, సర్టిఫికెట్ తెచ్చుకో. అది చూసి లేబర్ రూం తలుపు తీస్తారనుకోకు. మన దగ్గర డౌలాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పుకు తోడు మనిషిని ఉండనివ్వాలని 2016లో కేంద్రం చెప్పింది కానీ, అది బంధువైన ఆడమనిషిని ఉద్దేశించి. అందుకని ఏడో నెలలోనే నిన్ను పెట్టుకున్న గర్భిణితో వెళ్లి డాక్టరమ్మను అడుగు: నిన్ను ఆమె భర్తతోపాటు రానిస్తారా, భర్తకు బదులుగానా?

చేతి పని త్వరగానే వస్తుంది. నడుములో నొప్పి అంటే మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని వెన్ను కింది ఎముక మీద ఆనించి, నొప్పి వచ్చినంతసేపూ కదపకుండా నొక్కి, తగ్గగానే వదిలెయ్. ఎంత గట్టిగా నొక్కాలో ఆమే చెబుతుంది. అరగంటకోసారి భంగిమ మార్పించు. రెండు గంటలకోసారి మూత్రానికి లేపు. మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డం. ఆమె పెద్ద గాలిబంతి మీద కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటికన్నా కాస్త కిందికి ఉండాలి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. కొత్తవాళ్లు ఆపరేషన్ తప్పించడమే తమ పని అనుకుంటారు. తక్కిన తప్పులన్నీ అక్కణ్నుంచే పుడతాయి. త్వరగా వెళ్తే కోసేస్తారని ఆమెను ఇంట్లోనే ఆపుతారు. గర్భసంచి ముఖం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో తామే చూడబోతారు. నొప్పులు పెంచే మందు ఎక్కిస్తామనగానే డాక్టరుతో వాదనకు దిగుతారు. అప్పుడేమవుతుందో తెలుసా? నొప్పుల్లో ఉన్న ఆ పిల్ల ఎవరి మాట నమ్మాలో తెలియక బిగుసుకుపోతుంది. నిజంగా ప్రమాదం వచ్చి డాక్టరు తొందరపెట్టినా, అదీ బెదిరింపే అనుకుని సంతకానికి తటపటాయిస్తుంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోయి తేరుకోనప్పుడు ఆ పది నిమిషాలే ప్రాణం. ఆ తర్వాత ఆ ఆస్పత్రి ఏ డౌలానూ గుమ్మం ఎక్కనివ్వదు.

లోపలి పరీక్ష నీ పని కాదే! గ్లవ్స్ సంచిలో కూడా పెట్టుకోకు. ఆముదం, కషాయం, మాత్ర ఏదీ నీ నోట రాకూడదు. డాక్టరుతో మాట్లాడాల్సింది ఆమె. ఎనిమిదో నెలలోనే ఆమెకూ భర్తకూ మూడు ప్రశ్నలు నేర్పు: ఇది ఇప్పుడే చెయ్యాలా? ఇంకో దారి ఉందా? ఒక గంట ఆగితే ఏమవుతుంది? టైమ్ లేదని డాక్టరు అంటే ఇక ప్రశ్నలు ఆపాలని కూడా అప్పుడే చెప్పు. ఆపరేషన్ అయితే నువ్వు ఓడినట్టు కాదు. థియేటర్ దాకా చెయ్యి పట్టుకుని వెళ్లు, బయటికి తెచ్చాక మొదటి గంటలోనే బిడ్డను రొమ్ముకు పట్టించడానికి సాయం చెయ్యి.

తొలిచూలైతే, ఐదు నిమిషాలకో నొప్పి చొప్పున, ఒక్కోటీ నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరమను. రెండో కాన్పుకు ఆ గంట కూడా ఆగొద్దు. ఉమ్మనీరు పోయినా, రక్తం పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే ఆస్పత్రికే. ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉంటే బయల్దేరుతూనే ఫోన్‌లో ఆ మాట చెప్పించు. నీకు ఫోన్ చేయడం ఆ తర్వాత.

డబ్బు సంగతి. ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకుని దిగు. 38వ వారం నుంచి కాన్పు అయ్యేదాకా ఏ అర్ధరాత్రైనా పిలుపు రావచ్చు కాబట్టి మొదట్లో నెలకు ఇద్దరికి మించి ఒప్పుకోకు. నువ్వేం చేస్తావో, ఏం చెయ్యవో, నీకు జ్వరమొస్తే బదులెవరొస్తారో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. రాత్రంతా మేలుకుని కారు నడిపితే ఊరుకోను, క్యాబ్ ఎక్కు.

బుజ్జిదాన్ని ఏం చెయ్యాలా అని ఆలోచించకు. పిలుపొచ్చిన రాత్రి మా ఇంట్లో దింపి వెళ్లు, ముందుగా చెప్పక్కర్లేదు. దాని స్కూలు యూనిఫాం ఒక జత ఇప్పుడే ఇచ్చి వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ