వార్మ్ సౌండ్ కోసం యాంటీవైరస్ ఆపేశారా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిన నా పాటలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. మిక్స్‌ను క్యాసెట్‌లోకి ఎక్కించి, తిరిగి కంప్యూటర్‌లోకి తీసుకుంటే అనలాగ్ వార్మ్‌నెస్, అంటే పాత టేపుల్లోని మెత్తదనం వస్తుందంటున్నారు. కొత్త యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొనమంటారా? ఈలోగా టేప్ ఎఫెక్ట్ ఇచ్చే ఖరీదైన ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి జోడించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి ఫ్రీగా దొరికింది. యాంటీవైరస్ అడ్డుపడుతుంటే ఆపేసి వేసుకున్నాను. పర్వాలేదు కదా?

జవాబు: పర్వాలేదు కాదు. ముందు ఆ ల్యాప్‌టాప్‌కి నెట్ తీసేయండి, క్యాసెట్ సంగతి తర్వాత.

ఈ ‘ఫ్రీ ప్లగిన్’ కథ తరచూ వస్తూనే ఉంది. ‘యాంటీవైరస్ ఊరికే అరుస్తుంది, ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి’ అని క్రాక్‌తో (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన కాపీతో) పాటే రాసి ఉంటుంది, మనవాళ్లు భక్తిగా పాటిస్తారు! తాళం పగలగొట్టి ఇచ్చినవాడు లోపల ఇంకేం పెట్టాడో చూసేదెవరు? ఇలాంటివాటిలో ఎక్కువగా భయపడాల్సింది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లనూ, మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లకు చెప్పే సెషన్ కుకీలనూ ఎత్తుకెళ్లే రకానికి. కుకీ చేతికి చిక్కితే చాలాచోట్ల వాడికి మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు కాబట్టి ఆ లాగిన్‌లోనే వాడూ కూర్చుంటాడు. ప్లగిన్ తీసేసి యాంటీవైరస్ మళ్లీ ఆన్ చేసినంత మాత్రాన పోయినవి తిరిగి రావు. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టండి. ప్రతి అకౌంట్‌లోనూ ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కండి. తర్వాత ఆడియో ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుని, సిస్టమ్‌ను ఫార్మాట్ చేయండి.

ఇక క్యాసెట్. మీరు కోరుకునే వార్మ్‌నెస్ నిజానికి ఒక రకం డిస్టార్షన్. లెవెల్ పెంచి టేప్‌లోకి పంపితే అయస్కాంత పూత ఒక హద్దు దాటాక తట్టుకోలేదు. పీక్‌లు (శబ్ద తరంగాల కొనలు) గుండ్రబడతాయి, థర్డ్ హార్మోనిక్ (అసలు స్వరానికి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) చేరుతుంది, ట్రెబుల్ అన్నిటికంటే ముందు మెత్తబడుతుంది. అయితే పాత స్టూడియో రీళ్లు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో తిరిగేవి. క్యాసెట్ వేగం 4.76 సెంటీమీటర్లే. టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా లేదు, అందులోనే రెండు వైపుల స్టీరియో కలిపి నాలుగు ట్రాక్‌లు ఇరుక్కుని ఉంటాయి. అందుకే వార్మ్‌నెస్‌తో పాటు బుస శబ్దం, వేగంలో ఊగిసలాట కూడా వస్తాయి. అవే కావాలనుకునేవాళ్లు ఉన్నారు, నాకేం అభ్యంతరం లేదు.

కానీ కొత్త యూఎస్‌బీ ప్లేయర్ మాత్రం కొనొద్దు. చాలావాటిలో యూఎస్‌బీ ఉన్నది క్యాసెట్‌లోని పాటను కంప్యూటర్‌కు పంపడానికే. రికార్డింగ్ ఉన్నా, చవక రకాల్లో లెవెల్ నాబ్ పీకేసి ఆటోమేటిక్ కంట్రోల్ పెట్టారు. మీరెంత గట్టిగా నెట్టినా అది వెనక్కి లాగేస్తుంది, పాట ఆగిన చోటల్లా బుసను పైకి లేపుతుంది. టేప్‌ను రికార్డింగ్‌కి వాడేవాడికి కావలసిందే ఆ నాబ్! పైకి పాత కాలపు ముస్తాబు, లోపల చవకబారు యంత్రం. వీటిని తయారుచేసేవాళ్లు ఒక్కసారైనా ఏదైనా రికార్డు చేసి విన్నారా అని నా అనుమానం.

పాతదే అయినా, మీటర్లూ లెవెల్ నాబ్‌లూ ఉన్న, చెరపడానికీ రికార్డుకీ వినడానికీ వేర్వేరుగా మూడు హెడ్‌లున్న క్యాసెట్ డెక్ దొరికితే తీసుకోండి. రికార్డవుతుండగానే టేప్ మీద పడిన శబ్దాన్ని వింటూ లెవెల్ సరిచేసుకోవచ్చు. హెడ్‌లు శుభ్రం చేయించి, అజిముత్ (టేపుకు హెడ్ ఉండే కోణం) సరిచేయించండి. 120 నిమిషాల క్యాసెట్ల టేపు మరీ పలచన, 60 చాలు. గొంతునూ వాద్యాలనూ విడివిడిగా పంపితే వేగం తేడాతో తర్వాత తాళం కలవదు, మొత్తం మిక్స్‌ను ఒకేసారి పంపండి.

అంతకంటే ముందు మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఈ టేప్ డిస్టార్షన్‌ను అనుకరించే శాచురేషన్ ఎఫెక్ట్ ఉందేమో వెతకండి, చాలావాటిలో ఉంటుంది. మైక్ కాస్త పక్కకు తిప్పి ఒక టేక్ తీసి చూడండి. గుచ్చుకునేది మైక్ దగ్గరే మొదలైతే ఏ టేపూ దాన్ని బాగుచేయలేదు.