చిన్నపిల్లల టీచరు కావాలంటే బీఈడీ చేయాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక తండా. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది, మార్కులు బాగా వస్తాయి. ఇంజినీరింగ్ వద్దు, సర్కారు బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతానంటోంది. చుట్టాలేమో డిగ్రీ, బీఈడీ చేయించమంటున్నారు. బడుల్లో పిల్లలే తగ్గిపోతుంటే ఆ ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మీ చుట్టాలు చెప్పే దారి హైస్కూలుకు పోతుంది. ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) కావాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల టీచరు శిక్షణ కోర్సు డీఈఎల్‌ఈడీ చదవాలి. అందుకు డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ కోర్సు చెప్పే ప్రభుత్వ కాలేజీ, డైట్, నల్లగొండలోనే ఉంది కాబట్టి ముందు ఆ సీటుకు ప్రయత్నించండి. ఆ తర్వాత టీచరు అర్హత పరీక్ష టెట్‌లో మొదటి పేపరు, ఆపైన ఉద్యోగ నియామక పరీక్ష డీఎస్సీ. టెట్‌లో ఎస్టీలకు 150కి 60 వస్తే అర్హత వస్తుంది. అది చాలనుకోవద్దు, డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది.

ఉద్యోగాలు ఉంటాయి, కానీ ఏటా రావు. 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ భర్తీ పూర్తయింది 2024లోనే. అప్పటి 11,062 పోస్టుల్లో 6,508 ఎస్జీటీలవే. ఆ ఎదురుచూపులో ఏళ్లు వృథా కాకుండా డీఈఎల్‌ఈడీ అయ్యాక డిగ్రీ కూడా చేయించండి. ఇంకో సంగతి చాలామంది చివరిదాకా పట్టించుకోరు. ఎస్జీటీ జిల్లా స్థాయి పోస్టు, అందులో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడు తరగతుల్లో ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. అమ్మాయి గురుకులంలో చదివి ఉంటే ఆ బడి ఏ జిల్లాలోకి వస్తుందో ఇప్పుడే చూసుకుని స్టడీ సర్టిఫికెట్లు తెచ్చి పెట్టుకోండి.

ఇంత తెలివైన పిల్ల ఎస్జీటీ ఏమిటని మీ దగ్గర ఎవరైనా అంటే వినకండి. నా లెక్కలో పదో తరగతికి లెక్కలు చెప్పడం కంటే ఒకటో తరగతికి చదవడం నేర్పడమే కష్టం. గుణింతాలన్నీ పాటలా అప్పజెప్పే పిల్లవాడికి మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి అడిగితే నోరు పెగలదు. వాడికి రాగం వచ్చింది, అక్షరం రాలేదు. అది కనిపెట్టే టీచరు ఉంటే వాడు మూడో తరగతికి కథ చదువుతాడు. లేకపోతే బోర్డు మీద ఉన్నది నోటుబుక్కులో దించుకుంటూ ఏడో తరగతి దాకా వెళ్లిపోతాడు, తల్లిదండ్రులకు కూడా తెలియదు.

తండాల్లో ఇది ఇంకా గట్టి సమస్య. ఇంట్లో లంబాడీలో యాడి (అమ్మ), పాణి (నీళ్లు) అంటూ పెరిగిన అయిదేళ్ల పిల్లకు బడిలో తెలుగే కొత్త. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఆ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. అక్కడ లంబాడీలో నాలుగు మాటలు మాట్లాడి, మెల్లగా తెలుగులోకి తీసుకొచ్చే టీచరు దొరకడం అరుదు. ప్రాథమిక దశలో ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. తరగతి గదిలో అది జరగాలంటే ఆ భాష వచ్చిన మనిషి ఉండాలి కదా. మీ అమ్మాయికి అది పుట్టుకతో వచ్చింది. బడిలో పిల్లలు తగ్గుతున్నారన్నారు. ఒకటో తరగతి పిల్ల ఇంటికొచ్చి బస్సు మీది ఊరి పేరు చదివితే, ప్రైవేటు బడి వ్యాను ఎక్కించే ముందు ఆ తల్లి ఒకసారి ఆలోచిస్తుంది.

ఇంటర్ పరీక్షలయ్యాక ఈ వేసవిలో తండాలోని నలుగురైదుగురు పిల్లలను రోజూ గంటసేపు కూర్చోబెట్టుకోమనండి. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో రాసుకోమనండి. ఒకే అక్షరాన్ని పదోసారి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంకో రకంగా చెప్పి చూడాలనిపిస్తే డీఈఎల్‌ఈడీలో చేర్పించండి. విసుగే ఎక్కువైతే డిగ్రీలో గణితం తీసుకుని బీఈడీ చేసి హైస్కూలుకు వెళ్లవచ్చు, అదేమీ తక్కువ కాదు. డీఈఈసెట్ దరఖాస్తు మాత్రం ఈలోగా గడువు దాటకుండా వేసి ఉంచండి.