ఇనుప అరల్లోని సిరప్ పెట్టెల ట్యాగులు చదవకపోవడం గురించి

నమస్కారం. మీ మందుల గోదాములో సిరప్ పెట్టెలకూ ఇనుప అరలకూ అంటించిన, రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల్లో కొన్నింటిని రీడర్ గుర్తించడం లేదనీ, పవర్ పెంచినా ఫలితం లేదనీ రాశారు. లోపం యాంటెన్నాల దగ్గరే ఉన్నట్టుంది. మామూలు కాగితపు ట్యాగును లోహానికి ఆనించి అంటిస్తే దానిలోని యాంటెన్నా శ్రుతి తప్పి చిప్పుకు చాలినంత శక్తి అందదు. సీసాలోని ద్రవమైతే తరంగాలను చాలావరకు తానే పీల్చేసుకుంటుంది. అందువల్ల అరలకు, వెనుక నురుగు పొరో సిరామిక్ పొరో ఉండే, లోహంపై అంటించడానికే చేసిన ట్యాగులను వాడండి. పెట్టెలపై మాత్రం సీసాల మెడల చుట్టూ గాలి ఉండే పైభాగానికి ట్యాగును మార్చితే, అదనపు ఖర్చు లేకుండానే చాలా తేడా కనిపిస్తుంది.

మీ రీడర్‌ది లీనియర్ యాంటెన్నా (తరంగాలను ఒకే దిశలో కంపించేలా పంపేది) అని రాశారు. పెట్టెలు అడ్డంగా, నిలువుగా కలిసి ఉన్నచోట తరంగాల కంపన దిశ గుండ్రంగా తిరిగే సర్క్యులర్ పోలరైజేషన్ యాంటెన్నాయే మేలు. మామూలు ట్యాగుకు అందే శక్తి దాదాపు సగానికి, అంటే 3 డీబీ తగ్గినా, ట్యాగు అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా చదువుతుంది.

ట్యాగులు విదేశాల నుంచి తెప్పించి ఉంటే వాటి బ్యాండ్‌నూ (అవి పనిచేసే పౌనఃపున్యాల పరిధినీ) చూడండి. మన దేశంలో అనుమతించినది 865–868 మెగాహెర్ట్జ్. అమెరికాకు ఉద్దేశించినవి 902–928 మెగాహెర్ట్జ్‌కు సరిపడేలా చేసినవి కావడంతో ఇక్కడ దూరం తగ్గవచ్చు.